చిన్న కారు చెబుతోంది.. వింటున్నారా?

• హెచ్చరిక దీపాల అర్థం తెలియక చేతి చమురు వదిలించుకుంటున్న యజమానులు
• ధాన్యం, మిర్చి నిల్వల చెంత ఎలుకల బెడద
• వరద నీటిలో ఆగిన బండిని స్టార్టు చేస్తే ఇంజిను గల్లంతే

ఎనుమాముల (వరంగల్): మిర్చి సీజను మొదలైతే ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ తెల్లవారకముందే నిద్ర లేస్తుంది. బస్తాలతో వచ్చే ట్రాలీలు, వ్యాన్ల వెంట ఇప్పుడు చిన్న కార్లూ బారులు తీరుతున్నాయి. అడ్తిదారులు, ఖరీదుదారులు, గుమాస్తాలు, ఊళ్ల నుంచి ధర తెలుసుకునేందుకు వచ్చే రైతులు.. ఒకప్పుడు ద్విచక్ర వాహనాలపై కనిపించిన వారిలో పలువురు నేడు నాలుగు చక్రాలపై వస్తున్నారు. కాంటాలు అయ్యేలోగా టీ కొట్ల వద్ద సాగే ముచ్చట్లలో మిర్చి ధర తర్వాతి స్థానం కారుదే. ‘పసుపు దీపం వెలుగుతోంది, ఏం చేయాలి?’ అని ఒకరు అడిగితే ‘బ్యాటరీ వైరు పీకి పెట్టు, పోతుంది’ అని మరొకరు సలహా ఇస్తారు. దీపం పోతుంది. లోపం మాత్రం పోదు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చేది సరిగ్గా అక్కడే.

కష్టార్జితంతో, బ్యాంకు వాయిదాలతో కొన్న బండి ఇది. దానిలోని సదుపాయాలేమిటో, అది మొరాయించినప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలిసి ఉంటే వేల రూపాయలు మిగులుతాయి. కొన్ని సందర్భాల్లో ప్రాణాలే నిలుస్తాయి.

కార్బురేటర్ పోయి కంప్యూటర్ వచ్చె..

దేశంలో చిన్న కారు ముచ్చట తీర్చిన మారుతి 800 తొలి బండి తాళాలను 1983 డిసెంబరులో నాటి ప్రధాని ఇందిరాగాంధీ కొనుగోలుదారుకు అందజేశారు. 2014లో దాని ఉత్పత్తి నిలిచిపోయింది. 1998లో శాంత్రో, ఇండికా, 2000లో ఆల్టో వచ్చాయి. లక్ష రూపాయల కారుగా 2008లో ఆవిష్కృతమైన నానో మరుసటి ఏడాది రోడ్డెక్కి, 2018తో తెరమరుగైంది. పాత బండ్లలో కార్బురేటర్, ప్లగ్గు, పాయింటు శుభ్రం చేస్తే సగం రోగాలు కుదిరేవి. కాలుష్య నిబంధనలు కఠినమైన కొద్దీ కార్బురేటర్ స్థానంలో ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఇంజెక్టర్లు వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక సెన్సర్ల సంఖ్య మరింత పెరిగింది.

నాలుగు మీటర్లకు మించని పొడవు, 1200 సీసీకి మించని పెట్రోలు ఇంజిను ఉన్న కార్లపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. తొలిసారి కారు కొనేవారికి ఇది ఊరట. అయితే కొన్న వారిలో ఎందరు బండితో ఇచ్చే యజమాని పుస్తకాన్ని తెరిచి చూస్తున్నారన్నదే ప్రశ్న. అధిక శాతం ఇళ్లలో ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు విప్పకుండా డ్యాష్‌బోర్డు అరలోనే ఉంటుంది.

దీపాల రంగులే తొలి పాఠం

తాళం తిప్పగానే మీటరు వద్ద దీపాలన్నీ ఒకసారి వెలగడం మంచి లక్షణమే. అవి పని చేస్తున్నాయని అర్థం. ఇంజిను నడవడం మొదలయ్యాక కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే రంగును బట్టి స్పందించాలి. ఎరుపు అంటే వెంటనే ఆగమని. పసుపు అంటే త్వరలో చూపించుకోమని. ఆకుపచ్చ, నీలం రంగులు ఏదో ఒక సదుపాయం పని చేస్తోందని తెలిపేవే.

నూనె డబ్బా ఆకారంలోని ఎర్ర దీపం ఇంజిన్ ఆయిల్ ఒత్తిడి పడిపోయిందనడానికి గుర్తు. ‘ఇంకో రెండు కిలోమీటర్లేగా, ఇంటికి వెళ్లి చూద్దాం’ అనుకుంటే ఆ రెండు కిలోమీటర్లలోనే లోపలి భాగాలు ఒరుసుకుని పట్టేస్తాయి. బండి పక్కకు తీసి ఇంజిను ఆపడమే మార్గం. ఉష్ణోగ్రత దీపం వెలిగినా అంతే. పాదరసం 40 డిగ్రీలు దాటే వరంగల్ ఎండల్లో ఇది అరుదేమీ కాదు. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరుగుతున్న ద్రవం ముఖం మీదకు ఎగజిమ్ముతుంది. పూర్తిగా చల్లారే వరకు మూత జోలికి పోరాదు. కూలెంట్‌కు బదులు ఎప్పుడూ బోరు నీరే పోస్తే ఉప్పు పొరలు కట్టి గొట్టాలు పూడుకుపోతాయి.

బ్యాటరీ ఆకారంలోని ఎర్ర దీపం బండి నడుస్తుండగా వెలిగితే చాలామంది బ్యాటరీ మార్చేస్తారు. నిజానికి అది ఛార్జింగ్ ఆగిపోయిందన్న సూచన. లోపం ఆల్టర్నేటర్‌లోనో, దాని బెల్టులోనో, వైర్లలోనో ఉండవచ్చు. పరీక్ష చేయించకుండా కొత్త బ్యాటరీ వేస్తే అదీ రెండు రోజుల్లో చతికిలపడుతుంది.

ఇంజిను బొమ్మతో ఉన్న పసుపు దీపమే అందరినీ తికమక పెట్టేది. అది నిలకడగా వెలుగుతూ బండి మామూలుగా నడుస్తుంటే ఆందోళన అక్కర్లేదు, ఒకటి రెండు రోజుల్లో చూపిస్తే సరిపోతుంది. అదే దీపం మిణుకు మిణుకుమంటూ ఇంజిను కొట్టుకుంటుంటే మాత్రం సిలిండర్‌లో ఇంధనం సరిగా మండటం లేదని అర్థం. మండని పెట్రోలు సైలెన్సర్ మార్గంలోని కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది. చిన్న ప్లగ్గుతో లేదా కాయిల్‌తో పోయే ఖర్చు అలా పదింతలవుతుంది.

కోడు చెరిపితే రోగం కుదిరినట్లు కాదు

స్టీరింగు కింది భాగంలో 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దీనికి స్కానర్ తగిలిస్తే బండిలోని కంప్యూటర్ తాను గుర్తించిన లోపాన్ని కోడు రూపంలో చెబుతుంది. ఉదాహరణకు ‘పీ0300’ వస్తే సిలిండర్లలో మంట తప్పుతోందని భావం. కారణం ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా అన్నది మెకానిక్ వెతికి తేల్చాలి. కోడు జ్వరం చూపే థర్మామీటర్ వంటిది, మందు చీటీ కాదు. కోడు చూసి ఏకంగా సెన్సర్ మార్చేయడం, కోడు చెరిపి బండి అప్పగించడం రెండూ పొరపాట్లే.

బ్యాటరీ వైరు పీకితే కోడుతో పాటు ఇంజిను నేర్చుకున్న సర్దుబాట్లు కూడా చెరిగిపోతాయి. కొన్ని రోజుల పాటు బండి నిలకడ తప్పినట్లు అనిపించేది అందుకే. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ వైరు తీయడం మరీ ప్రమాదం. ఒక్కసారిగా పెరిగే వోల్టేజీకి కంట్రోల్ యూనిట్ కాలిపోయే అవకాశముంది. పాత బండ్లపై ఛార్జింగ్ పరీక్షకు వాడిన ఈ కిటుకు నేటి కార్లకు పనికిరాదు.

ఎలుకలకు నెలవుగా బానెట్

గింజలు, బస్తాలు ఉన్నచోట ఎలుకలు ఉండటం సహజం. రాత్రి వేళ వెచ్చగా ఉండే ఇంజిను గది వాటికి అనువైన చోటు. వైర్ల తొడుగులు కొరికితే ఉదయం బండి కదలదు. లేదా ఏ సంబంధమూ లేనట్లు నాలుగైదు దీపాలు ఒకేసారి వెలుగుతాయి. గోదాముల పక్కన, చెత్తకుప్పల చెంత రాత్రంతా బండి నిలపకపోవడం ఉత్తమం. తప్పనిసరైతే రెండు రోజులకోసారి బానెట్ ఎత్తి చూడాలి. గింజల పొట్టు, గోనె పీచు, రెట్టలు కనిపిస్తే ఎలుకలు చేరినట్లే. కొన్ని రోజులు బండి తీసే పని లేకున్నా ఒకచోటే వదిలేయరాదు.

చాలామంది పొగాకు కాడలు కట్టడం, మందు పిచికారీ చేయడం చేస్తున్నారు. వాసన ఉన్నంత వరకే వాటి ప్రభావం. ఇంజిను వేడికి అది త్వరగా పోతుంది కనుక వాటినే నమ్ముకోవడం తగదు. ఏసీ గాలి లోనికి వెళ్లే మార్గం వద్ద కలరా ఉండలు పెడితే ఆ ఆవిరి బండిలోని వారే పీల్చాల్సి వస్తుంది. తెగిన వైరును టేపు చుట్టి వదిలేస్తే తేమకు షార్టు సర్క్యూట్ జరిగి మంటలు లేచే ముప్పుంది. ఎలుకలు కొరికిన నష్టానికి బీమా వర్తింపు కంపెనీని బట్టి, తీసుకున్న పాలసీని బట్టి మారుతుంది. రెన్యువల్ సమయంలోనే ఆ షరతు అడిగి తెలుసుకోవాలి.

మిర్చి ఘాటు.. పత్తి పీచు

ఏసీ వేయగానే తుమ్ములు వస్తున్నాయంటే ముందుగా క్యాబిన్ ఫిల్టర్‌ను అనుమానించాలి. డ్యాష్‌బోర్డు అర వెనుక ఉండే ఈ చిన్న జల్లెడ దుమ్మును ఆపుతుంది. కొన్ని తక్కువ ధర మోడళ్లలో ఇది ఉండదు, కొనేటప్పుడే అడగాలి. మార్కెట్ ఆవరణలో ఉన్నంతసేపు బయటి గాలి రాకుండా లోపలి గాలే తిరిగే మీట వాడటం మేలు. పత్తి సీజన్‌లో గాలిలో తేలే పీచు ముందువైపు కండెన్సర్ రెక్కల మధ్య పేరుకుంటుంది. ఏసీ చల్లదనం తగ్గడానికి, ఇంజిను వేడెక్కడానికి అది ఒక కారణం. ‘గ్యాస్ అయిపోయింది’ అన్న మాట నమ్మి డబ్బు కట్టేముందు ఆ రెక్కలను మెల్లని నీటి ధారతో కడిగించి చూడాలి. ధార ఉధృతంగా ఉంటే పలుచని రెక్కలు వంగిపోతాయి.

ఇంజిను ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే పికప్, మైలేజీ రెండూ తగ్గుతాయి. దుమ్ము ఎక్కువగా ఉండే చోట తిరిగే బండికి పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే దాన్ని మార్చాల్సి ఉంటుంది.

గేరు దానంతట అదే.. క్లచ్చు మాత్రం ఉంది!

2014లో సెలెరియోతో చిన్న కార్లలోకి వచ్చిన ఏఎంటీ విధానం నేడు అనేక మోడళ్లలో లభిస్తోంది. ఎడమ కాలికి పని లేకపోవడంతో పలువురు దీన్ని ఎంచుకుంటున్నారు. దీనిలో ఉన్నది మామూలు గేర్‌బాక్సు, మామూలు క్లచ్చు ప్లేటే. కాలితో, చేతితో చేసే పనిని ఒక యంత్రం చేస్తుంది. గేరు మారేటప్పుడు బండి తల ఊపినట్లు అనిపించడం ఈ విధానంలో సహజం. ఆ క్షణంలో యాక్సిలరేటర్‌పై కాలు కాస్త తేలిక చేస్తే ఊపు తగ్గుతుంది.

కాజీపేట వంతెనపై రద్దీలో ఆగినప్పుడు బండి వెనక్కి జారకుండా యాక్సిలరేటర్ తొక్కి పట్టుకునే అలవాటు క్లచ్చుకు చేటు. ప్లేటు అరిగి, వేడెక్కి కాలిన వాసన వస్తుంది. బ్రేకు తొక్కి ఉంచాలి. వాలు ఎక్కువైతే హ్యాండ్ బ్రేకు వాడాలి. ఏఎంటీ బండ్లలో చాలా వాటికి పార్కింగ్ గేరు ఉండదు కనుక నిలిపినప్పుడు హ్యాండ్ బ్రేకు తప్పనిసరి.

‘తాళం తిప్పినా స్టార్టు కావడం లేదు’ అన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి పరిష్కారం కాలి కిందే ఉంటుంది. ఈ బండ్లు గేరు న్యూట్రల్‌లో ఉండి, బ్రేకు పెడల్ గట్టిగా తొక్కితేనే స్టార్టవుతాయి. బటన్‌తో స్టార్టయ్యే బండ్లలో తాళంలోని నాణెం ఆకారపు సెల్ నీరసిస్తే కారు తాళాన్ని గుర్తించదు. అప్పుడు తాళాన్ని బటన్‌కు ఆనించి లేదా పుస్తకంలో సూచించిన చోట ఉంచి నొక్కితే చాలా మోడళ్లలో పని జరుగుతుంది. తలుపు తీసేందుకు ఆ తాళంలోనే చిన్న ఇనుప చెవి దాగి ఉంటుంది.

సిగ్నల్ వద్ద ఇంజిను దానంతట అదే ఆగిపోతే అది లోపం కాదు. పెట్రోలు ఆదా కోసం పెట్టిన సదుపాయం. వద్దనుకుంటే మీట నొక్కి ఆపవచ్చు. ఆ సదుపాయం ఉన్న బండికి దానికి తగిన ప్రత్యేక బ్యాటరీనే వేయాలి. తక్కువ ధరకు వచ్చిందని మామూలు బ్యాటరీ వేస్తే త్వరగా పాడవుతుంది.

మైలేజీ తగ్గిందా.. లెక్క తేల్చండి

2025లో దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ-20 పెట్రోలు అందుబాటులోకి వచ్చాక మైలేజీపై చర్చ జోరందుకుంది. పెట్రోలుతో పోలిస్తే లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి మిశ్రమం పెరిగితే మైలేజీ కొంత తగ్గడం లెక్క ప్రకారమే జరుగుతుంది. ఇథనాల్ కలపని పెట్రోలుకు రూపొంది, 10 శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన నాలుగు చక్రాల వాహనాల్లో 6 నుంచి 7 శాతం వరకు సామర్థ్యం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదిక అంచనా వేసింది. అంటే లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చిన అటువంటి బండి సుమారు 17 ఇస్తుంది. 12కు పడిపోయిందంటే నేరం పెట్రోలుది మాత్రమే కాదు. టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, పట్టేసిన బ్రేకులు చూడాలి.

మీటరుపై కనిపించే మైలేజీ అంకెనే ప్రమాణంగా తీసుకోరాదు. ట్యాంకు నిండుగా కొట్టించి కిలోమీటర్లు రాసుకోవాలి. కొన్ని రోజులు తిరిగాక అదే బంకులో మళ్లీ నిండుగా కొట్టించాలి. తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే అసలు లెక్క తేలుతుంది. పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, సీళ్లు ఇథనాల్‌కు తట్టుకుంటాయో లేదో తయారీదారు పుస్తకంలో చూసుకోవాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కనుక నెలల తరబడి బండిని తీయకుండా ఉంచడం మంచిది కాదు.

వరదలో ఆగితే.. తాళం ముట్టొద్దు

ఓరుగల్లు వాసులకు వరద కొత్త కాదు. 2020 ఆగస్టులో, 2023 జులైలో నగరంలోని కాలనీలు నీట మునిగాయి. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను మరోసారి ముంచెత్తింది. ఇలాంటి వేళల్లో కారుకు జరిగే నష్టంలో అధిక భాగం నీటి వల్ల కాక, యజమాని తొందరపాటు వల్ల జరుగుతుంది.

కారణం ఇదీ. సిలిండర్‌లో పిస్టన్ గాలిని, ఇంధనాన్ని నొక్కుతుంది. గాలి నొక్కుకుపోతుంది, నీరు నొక్కుకుపోదు. గాలి పీల్చే గొట్టం ద్వారా నీరు లోనికి చేరాక తాళం తిప్పితే పిస్టన్ గోడకు ఢీకొన్నట్లు ఆగి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆపై ఇంజిను విప్పక తప్పదు, ఖర్చు తడిసి మోపెడవుతుంది. నీటిలో ఆగిన బండిని తిరిగి స్టార్టు చేయకుండా తోసి గానీ, వాహనంపై ఎక్కించి గానీ బయటకు తేవాలి. వీలైతే బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి ఉంచాలి. మెకానిక్ పరీక్షించాకే తాళం తిప్పాలి.

సొంత నష్టానికి వర్తించే సమగ్ర బీమాలో వరద నష్టం చేరి ఉంటుంది. కానీ నీరు చేరాక స్టార్టు చేయడం వల్ల ఇంజినుకు జరిగిన నష్టాన్ని ‘అనంతర నష్టం’ కింద లెక్కగట్టి పరిహారం నిరాకరించే సందర్భాలు అనేకం. ఇంజిన్ రక్షణ అదనపు పాలసీ అందుకే. అందులోనూ షరతులు ఉంటాయి. కేవలం థర్డ్ పార్టీ బీమా ఉన్నవారికి వరద నష్టం కింద పైసా రాదు. మునిగిన బండిని కదిలించక ముందే ఫొటోలు తీసి బీమా కంపెనీకి సమాచారమివ్వాలి.

కారు కంటే ప్రాణం ముఖ్యం. వంతెనపై నీరు పారుతుంటే లోతెంతో పైకి తెలియదు. సగం చక్రం మునిగే నీరున్నా ప్రవాహానికి చిన్న కారు పట్టు తప్పుతుంది. వెనుదిరగడమే తెలివి.

బెల్టు లేని బెలూను వృథా

2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు, సీటు బెల్టు గుర్తుచేసే గంట, వేగం 80 కిలోమీటర్లు దాటితే హెచ్చరిక, వెనుక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. గంట చికాకని బెల్టు బిగించకుండా ఉత్త క్లిప్పు గుచ్చేవారు ఉన్నారు. అటువంటి క్లిప్పుల అమ్మకం నిలిపివేయాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 మేలో ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలను ఆదేశించింది. ఎయిర్‌బ్యాగు రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో విచ్చుకుంటుంది. బెల్టు లేకపోతే దేహం ముందుకు దూసుకొచ్చి, విచ్చుకుంటున్న ఆ బెలూనునే బలంగా ఢీకొంటుంది. ముందు సీటులో ఒడిలో పసిబిడ్డను కూర్చోబెట్టుకోవడం ఇంకా ప్రమాదం. ఎయిర్‌బ్యాగు దీపం ఆరకుండా వెలుగుతుంటే అది ప్రమాద సమయంలో పని చేయకపోవచ్చు. వెంటనే చూపించాలి.

మెకానిక్‌ను అడగండి

బిల్లు కట్టేముందు ఏ కోడు వచ్చింది, ఏ పరీక్ష చేశారు, ఏ భాగం మార్చారు అన్నవి రాయించుకోవాలి. మార్చిన పాత భాగాన్ని చూపమని కోరాలి. తయారీ లోపం ఉన్న బండ్లను కంపెనీలు వెనక్కి పిలిపించి ఉచితంగా సరిచేస్తుంటాయి. బండి ఛాసిస్ నంబరుతో ఆ జాబితాలో ఉన్నదీ లేనిదీ కంపెనీ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. పాత కారు కొనేవారికీ ఇది ఉపయుక్తం. వారంటీ సేవల్లో అన్యాయం జరిగిందనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉన్న ఫిర్యాదులకు రుసుము లేదు. రాతపూర్వక ఆధారం ఉంటేనే ఫిర్యాదు నిలుస్తుంది. అందుకే జాబ్ కార్డు, బిల్లు భద్రపరచాలి.

ఇవి మరువద్దు

• ఎర్ర దీపం: పక్కకు తీసి ఆపాలి. పసుపు దీపం: వాయిదా వేయకుండా చూపించాలి.
• డ్రైవరు తలుపు వద్ద అతికించిన పట్టీలో ఉన్న మేరకే టైర్లలో గాలి. చల్లగా ఉన్నప్పుడే కొలత.
• స్టెప్నీలో గాలి, జాకీ, పానా నెలకోసారి తనిఖీ.
• బ్యాటరీకి జంపర్ వైర్లు వేసేటప్పుడు ఆఖరి నల్ల వైరు బ్యాటరీకి దూరంగా ఇంజిను లోహానికి.
• ఎండలో నిలిపిన కారులో పిల్లలను ఒక్క నిమిషం కూడా వదిలి వెళ్లరాదు.
• కారు నీటిలో ఆగిపోతే తాళం తిప్పరాదు.

కాంటా ముందు తూకం సరిచూసుకునే రైతుకు, గింజ పట్టి చూసి ధర కట్టే ఖరీదుదారుకు పరిశీలన నేర్పాల్సిన పని లేదు. అదే చూపును మీటరు దీపాలపైనా, అరలో మూలుగుతున్న పుస్తకంపైనా ఒక గంట నిలిపితే చాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అవసరం రాదు.